స్కార్వోయ్ రేవులో ఆపిన పడవ

మిర్కాబ్, కువైట్ సిటీ
12 సెప్టెంబరు 2025, శుక్రవారం

బావ సుబ్బుకి,

దొరబాబు నమస్కారాలు. నేనిక్కడ ఒంట్లోనూ పనిలోనూ బాగున్నాను. నువ్వూ, అరుణజ్యోతి చెల్లెమ్మా, పిల్లలూ చల్లగా ఉండాలని రోజూ మనసులో అనుకునే మాటను ఇవాళ కాగితం మీద పెడుతున్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత రాయడం కదా, ఎలా మొదలెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను. ఇది మూడోది. దీన్ని చించను.

నా నంబరు నువ్వు బ్లాక్ చేశావని తెలుసు. తప్పు పట్టడం లేదు. అందుకే ఈ ఉత్తరం చిట్టెమ్మత్త చేతికి ఇస్తున్నాను. ఆవిడ రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తోంది, ఆదివారం విమానానికి సెలవు మీద వస్తోంది. "ఖర్జూరాల పెట్టెలో పైనే పెట్టేత్తాను. ఆడు సదివేదాకా ఆళ్ళ అరుగు మీంచి లెగను, సరేనా?" అంది. అత్త సంగతి నీకు తెలుసు. చదివెయ్యి, ఆవిడ ఇంటికి పోతుంది.

ముందు నా కబుర్లు చెబుతాను. కువైట్ వచ్చిన కొత్తలో షువైఖ్‌లో ఒక గ్యారేజీలో పడవ ఇంజన్లు బాగుచేసే పనిలో చేరాను. ఇక్కడి వాళ్ళకి పడవల పిచ్చి బావా. కారుకీ పడవకీ ఒకే షెడ్డు కడతారు. మన లాంచీ ఇంజన్ల మీద నువ్వు నాకు నేర్పిన పని ఇక్కడ బంగారమైంది. చప్పుడు విని జబ్బు చెప్పేస్తానని పేరొచ్చింది. అలా ఇంజన్ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, అబూ నాసర్ అంటారు, నన్ను తన దగ్గరికి తీసుకున్నాడు. నా ఇఖామా, అంటే నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఆయన పేరు మీదికి మారింది. ఆయనకి మిర్కాబ్‌లో ట్రావెల్ ఆఫీసు ఉంది. ఆఫీసులో అందరూ ఆయన్ని ముదీర్, అంటే మేనేజరుగారు, అంటారు. నేనూ అంతే.

ఈ ముదీర్‌కి రెండేళ్ళ కిందట ఒక ఆలోచన వచ్చింది. కువైట్‌లో జూలై అంటే యాభై డిగ్రీలు. కొళాయి తిప్పితే చన్నీళ్ళ వైపు నుంచి కూడా టీ పెట్టుకునే నీళ్ళే వస్తాయి. డబ్బున్నవాళ్ళంతా చల్లటి దేశాలకి పోతారు, పోయినచోటికే మళ్ళీ పోయి విసుగెత్తిపోతారు. అందుకని ఈయన మ్యాపు పరిచి, వేలు పైపైకి జరుపుకుంటూ వెళ్ళి, నార్వే దేశం ఉత్తరపు కొసన ఒక చుక్క మీద ఆపాడు. అదే స్కార్వోయ్. ధ్రువం దగ్గరి సముద్రంలో ఒక ద్వీపం. డెబ్భై నాలుగు మంది మనుషులు, ఒక కొట్టు, ఆరుగురు పిల్లలున్న ఒక బడి. అక్కడికి మన కువైటీ కుటుంబాల్ని తీసుకెళ్ళాలి, వీసాలూ టిక్కెట్లూ బసా పడవలూ అన్నీ తానే చూడాలి. ఇదీ ఆయన పథకం.

చిట్టెమ్మత్తకి చెబితే, "అంత దూరం ఎల్లి సలికి సచ్చేకన్నా, ఆ డబ్బుల్తో ఓ పెద్ద ఏసీ కొనుక్కోవచ్చు గదరా" అంది.

ఈ జూలైలో మొదటిసారి పరీక్షగా పదకొండు మంది అతిథులతో వెళ్ళాం. పడవల పనికి నన్ను తీసుకెళ్ళాడు ముదీర్. మూడు విమానాలు మారి, ఆపైన రెండు గంటలు పడవ మీద వెళ్ళాక ఆ రేవు కనపడింది. దిగగానే నాకు కొట్టిన మొదటి వాసన ఏంటో చెప్పుకో. ఎండుచేప! కర్రల పందిళ్ళు కట్టి చేపల్ని గాలికి ఆరబెడతారు అక్కడ. ప్రపంచం కొసకి వచ్చానని నేను భయపడుతుంటే ముక్కు మాత్రం యానాం వచ్చామంది. బావా, అక్కడ ఆ రోజుల్లో సూర్యుడు అస్తమించడు. సముద్రం అంచు దాకా దిగి, నీళ్ళు ముట్టకుండా పక్కకి జరిగి మళ్ళీ పైకి లేస్తాడు. మన అతిథులకి పొద్దుకూకితేగానీ చేయకూడని నమాజు ఒకటుంది కదా. అది ఎప్పుడు చేయాలని మొదటి రోజంతా చర్చ. ముదీర్ ముందే పెద్దల్ని అడిగి, మక్కా వేళల ప్రకారం కార్డు అచ్చేయించి తెచ్చాడు. అంత జాగ్రత్త మనిషి.

కానీ ఒక విషయంలో జాగ్రత్త తప్పాడు. రెండో రోజు బడి హాల్లో ద్వీపం వాళ్ళందర్నీ కూర్చోబెట్టి తన బొమ్మలు చూపించాడు. నలభై గదుల హోటలు, గదికో అద్దాల కప్పు, రేవులో నీళ్ళ మీద ఎగిరే స్కూటర్లు. మధ్య మధ్య ఆగి చప్పట్ల కోసం చూశాడు. ఒక్కరూ కొట్టలేదు. అక్కడ చేపలు కొనే ఫ్యాక్టరీ రెండేళ్ళ కిందట మూతపడింది. ఇంకో ఇద్దరు పిల్లలు వెళ్ళిపోతే బడి మూసేస్తారు. అంటే వాళ్ళకి అతిథులు కావాలి. అయినా ఆ బొమ్మలు వాళ్ళకి నచ్చలేదు.

చివరికి మారిట్ అనే ఆవిడ లేచింది. అరవై దాటిన మనిషి, కొట్టు ఆవిడదే, వాతావరణం కబుర్లు అందుకునే వైర్‌లెస్సూ ఆవిడ దగ్గరే ఉంటుంది. "హాస్పిటల్ ఇక్కడికి మూడు గంటలు. మాకు రెండు పడవలున్నాయి. మీ నలభై గదుల్లో జనం ఉన్న రోజున గాలి లేస్తే, మమ్మల్ని కాపాడుకోవాలా, మిమ్మల్ని కాపాడాలా?" అని అడిగింది. ముదీర్ హెలికాప్టర్ పెడతానన్నాడు. ఆవిడ, "హెలికాప్టర్ కూడా గాలిలోనే ఎగరాలి కదా" అంది. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు. ఆఖరి రోజున మళ్ళీ కూర్చుందామని లేచిపోయారు.

ఇక అసలు సంగతి. ఆరో రోజు.

ఆ పొద్దున అతిథుల్ని పక్షుల కొండకి తీసుకెళ్ళాలి. ద్వీపం దాటి, ఇరుకు పాయలోంచి గంటన్నర ప్రయాణం. గోడలాంటి కొండ మీద లక్షల పక్షులుంటాయట. దాని కోసమే సగం మంది వచ్చారు. పడవ పట్నం నుంచి అద్దెకి తెచ్చింది, దాని డ్రైవరూ అద్దెకి వచ్చినవాడే. ఆ పాయ అతనికి కొత్త. ఇంజన్ చూసుకోవడం నా పని గనక తాళం నా జేబులో ఉంటుంది. ఎండ కాస్తోంది. నీళ్ళు కదలడం లేదు. పదకొండు మందీ నారింజ రంగు సూట్లు తొడుక్కుని ఎక్కి కూర్చుని ఫొటోలు తీసుకుంటున్నారు.

మారిట్ కొట్టు తలుపు కూడా వేయకుండా గబగబా రేవులోకి వచ్చింది. ముదీర్ పడవలో ముందు కూర్చుని ఉన్నాడు, నేను గట్టు మీద తాడు విప్పుతున్నాను. నా దగ్గర ఆగి, "గాలి తిరుగుతోంది. మధ్యాహ్నానికల్లా పాయ మూసుకుపోతుంది. మీ యజమాని నా మాట వినడు, నువ్వు చెప్పు" అని, అక్కడే నిలబడిపోయింది.

బావా, ఆ నీళ్ళు చూస్తే ఎవడూ నమ్మడు. నేనూ తాడు చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. పడవలోంచి ముదీర్, "యల్లా, దొరా, యల్లా!" అని తొందరపెడుతున్నాడు. అప్పుడు తాడు మళ్ళీ కట్టేశాను. ముడి మీద ముడి వేశాను. వెళ్ళి, "ముదీర్, ఇవాళ పడవ వెళ్ళదు" అన్నాను.

ఆయన ముందు నవ్వాడు. సముద్రం అద్దంలా ఉంది కదా అన్నాడు. నేను మారిట్ మాట చెప్పాను. ఆవిడకి మనం రావడమే ఇష్టం లేదు, అందుకే అలా అంటోంది అన్నాడు. డ్రైవర్ని అడిగితే, మీరు పొమ్మంటే పోతానన్నాడు. ముదీర్ నా వైపు చెయ్యి చాచాడు, తాళం ఇమ్మని. ఇవ్వలేదు. పదకొండు మంది ముందు ఇవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడింది. "నీ ఇఖామా ఎవరి పేరు మీద ఉందో గుర్తుందా?" అన్నాడు.

"గుర్తుంది. కువైట్ వెళ్ళాక ఖలాస్ చేసెయ్యండి. తాళం మాత్రం ఇవ్వను" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అతిథులు గొణుక్కుంటూ దిగారు. ఒకాయన డబ్బు వాపసు అడిగాడు. నేను రేవు గట్టు మీద చేపల పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాను, తాళం పిడికిట్లో పెట్టుకుని. గంట గడిచింది. ఏమీ లేదు. రెండు గంటలు గడిచాయి. ఎండ, నిశ్చలంగా నీళ్ళు. ఇక రాదేమో గాలి అనిపించింది. రాకపోయినా ఫర్వాలేదు, నా ఉద్యోగం పోయినా ఈ తాళం ఇవ్వలేదని నాకు తృప్తిగానే ఉంటుందని అప్పుడే నాకు తెలిసింది.

పన్నెండు దాటాక వచ్చింది. ముందు చల్లటి తెరలాగా పొగమంచు, దాని వెనకే గాలి. కాసేపటికే పాయ నోటి దగ్గర నీళ్ళు మరిగే ఎసరులా అయిపోయాయి. ద్వీపం వాళ్ళ చేపల పడవ ఒకటి, గాలి కబురు రాకముందే పక్షుల కొండ అవతలికి వెళ్ళినది, కిటికీ అద్దం పగిలి, ముక్కుతూ మూలుగుతూ తిరిగొచ్చింది. అది మన పడవకి మూడింతలుంటుంది. దాన్ని నడిపిన ముసలాయన రేవులోకి దిగి, తాడు రెండుసార్లు కట్టుకున్నాడు. ముదీర్ కూడా రేవులోనే ఉన్నాడు. ఆ ముసలాయన్నీ, పగిలిన అద్దాన్నీ, సూట్లు విప్పేసి కిటికీల్లోంచి చూస్తున్న తన అతిథుల్నీ మార్చి మార్చి చూశాడు. నా దగ్గరికొచ్చి పెట్టె మీద నా పక్కన కూర్చున్నాడు. "ఆ పదకొండు మందిలో మా చెల్లెలు కూడా ఉంది" అన్నాడు. అంతే అన్నాడు.

ఆఖరి రోజు బడి హాల్లో ఆయన బొమ్మలు తీయలేదు. "మా పడవ మనిషి మాట్లాడతాడు" అని నన్ను ముందుకి తోశాడు. నా ఇంగ్లీషు ఎంతో నీకు తెలుసు. పాపికొండల టూరులో మైకులో చెప్పిన ఇంగ్లీషే. అయినా చెప్పాను. మా గోదావరి మీద మొదట ఒక్క లాంచీ ఉండేది, ఆదివారాలు మాత్రమే తిరిగేది. జనం వస్తున్నారని రెండయ్యాయి, చూస్తూ చూస్తూ ఇరవై అయ్యాయి. ఒక్కటే ఉన్నప్పుడు సరంగు వద్దంటే వద్దే. ఇరవై అయ్యాక వద్దనేవాడు లేడు, ఎందుకంటే వాడు వద్దంటే పక్క పడవ వెళ్ళిపోతుంది. మీరు కట్టడాలతో మొదలెట్టకండి. రేవుతో మొదలెట్టండి. ముందు వద్దనే మనిషిని పెట్టుకోండి, ఆ తర్వాత అతిథుల్ని పిలవండి. ఇదీ నేను చెప్పింది.

వాళ్ళలో వాళ్ళు గంటసేపు మాట్లాడుకున్నారు. తేలింది ఇది: ఒక్కసారికి పదహారు మంది అతిథులు, అంతకి మించరు. హోటల్ లేదు, ద్వీపం వాళ్ళ ఇళ్ళల్లోనే బస. జూన్ మధ్య నుంచి ఆగస్టు ఆఖరు దాకా. చేప వాళ్ళే వండుతారు, హలాల్ మాంసం ముదీర్ పంపుతాడు. పడవ కదలాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి, ద్వీపం మనిషి ఒకరు, మన మనిషి ఒకరు. ఎవరు వద్దన్నా పడవ కట్టే ఉంటుంది. ముదీర్ కూడా కాదనకూడదు. చేతులెత్తమన్నారు. తొమ్మిది మంది తప్ప అందరూ ఎత్తారు. ఎత్తనివాళ్ళలో మారిట్ సొంత అన్న ఒకడు. తన కిటికీ వైపు ఎవడైనా కెమెరా తిప్పితే సముద్రంలో పారేస్తానన్నాడు. దాన్ని కూడా నిబంధనల్లో రాశారు, కొంచెం మర్యాదగా.

తిరిగి వచ్చాక ముదీర్ నా ఇఖామా ఖలాస్ చేయలేదు. పడవల బాధ్యత అంతా నాకిచ్చి, మిర్కాబ్ ఆఫీసులో ఒక బల్ల వేయించాడు. వచ్చే ఏడాదికి పదహారేసి మందితో నాలుగు జట్లు అనుకుంటే, నాలుగూ నిండిపోయాయి. ఆగస్టులో రేవుకి కొత్త మెట్లు వేశారని మారిట్ ఫొటో పంపింది. వెళ్ళిపోదామనుకున్న ఒక కుటుంబం ఆగిందట, అంటే బడి ఈ ఏడు ఉంటుంది. ఈ పని నిలబడుతుంది బావా. నాకు అనుమానం లేదు.

దీనికి ఇంకో పడవ మనిషి కావాలి. ముదీర్ అడిగిన వెంటనే నీ పేరు చెప్పాను. నీళ్ళ రంగు చూసి లోతు చెప్పేవాడు నాకు తెలిసి నువ్వొక్కడివే. వాళ్ళ దేశం సర్టిఫికెట్ కోసం ఆరు వారాల చదువుంటుంది, ఏప్రిల్‌లో మొదలు. ఎండాకాలం మూడు నెలలు అక్కడ, మిగతా కాలం ఇక్కడ పడవల పని. లైసెన్సు పోయాక నువ్వు కొబ్బరికాయలు వొలుస్తున్నావని అత్త చెప్పింది. చేసే పనిలో తప్పు లేదు. కానీ స్టీరింగు పట్టే చేతులు అవి.

గోదావరిలో మన లాంచీ బోల్తా పడ్డాక నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు నేను మరిచిపోలేదు. అందరూ బయటపడ్డారు, ఒకావిడ కాలు విరిగింది, నిన్ను పద్దెనిమిది రోజులు లోపల పెట్టారు. బెయిలు మీద వచ్చిన సాయంత్రమే మా గుమ్మంలో నిలబడి, "కంట్రోల్ రూమోళ్ళు పడవ తియ్యొద్దని ఫోను సేసేరంటన్నార్రా. నాకు ఎవరూ సెప్పలేదు. పడవకి ఫోను రాలేదని నువ్వొక్క మాట సెప్పరా దొరా" అన్నావు. నేను "నాకేం తెలీదు బావా" అన్నాను. నెల తిరక్కుండా విమానం ఎక్కాను. సాక్ష్యం చెప్పడానికి భయపడి పారిపోయానని నువ్వు అనుకున్నావు. మన మధ్య మాట అక్కడ ఆగిపోయింది.

నీ జవాబు అత్తకి చెప్పి పంపు. ముదీర్‌కి నవంబరు లోపల పేర్లు ఇవ్వాలి. చెల్లెమ్మకీ పిల్లలకీ నా ఆశీస్సులు. పెట్టెలో ఖర్జూరాలు మీకే, అత్త ఒకటి రెండు తింటే పట్టించుకోకు.

నీ పక్కన నిలబడి పని నేర్చుకున్నవాడు,
దొరబాబు

తా.క.: కవరు అంటించి మళ్ళీ విప్పాను. పైన రాసిందంతా నిజమే, కానీ ఒక చోట ఆగిపోయాను.

ఆ పొద్దున కంట్రోల్ రూము ఫోన్ వచ్చింది బావా. నా ఫోన్‌కే వచ్చింది, ఎనిమిదీ పదికి. పైన వానలు పడ్డాయి, మలుపు దగ్గర సుడి పెరిగింది, పడవ తీయొద్దని సరంగుకి చెప్పండి అన్నారు. "అలాగేనండీ, చెబుతానండీ" అన్నాను. అప్పటికే జనం ఎక్కి కూర్చున్నారు. మైకు నా చేతిలో ఉంది. ఒక పెద్దాయన జోకు చెప్పమన్నాడు, చెప్పాను. ఇంకోటి అడిగారు. రోజూ ఇలాగే భయపెడతారులే, మలుపు వచ్చేలోగా బావకి చెబుదాం అనుకున్నాను. నవ్వులు ఆగేసరికి మలుపులో ఉన్నాం. వాళ్ళ పుస్తకంలో పడవకి ఫోన్ చేశామని రాసుంది గానీ ఎవరు ఎత్తారో రాయలేదు. నువ్వు నన్ను అనుమానించనైనా లేదు. అందుకే నీ మొహం చూడలేక వచ్చేశాను. స్కార్వోయ్ రేవులో తాడు పట్టుకుని నిలబడిన ఆ కాసేపూ నా కళ్ళ ముందు ఉన్నది ఆ సముద్రం కాదు.

నిన్న మన ఎంబసీకి వెళ్ళి ఇదంతా ప్రమాణ పత్రంగా రాసి, సంతకం పెట్టి, ముద్ర వేయించాను. లైసెన్సు ఆఫీసుకీ, పోలీసు స్టేషనుకీ పోస్టులో పంపేశాను. నకలు ఈ కవరులోనే ఉంది. నన్ను పిలిస్తే వస్తాను. ముదీర్‌కి కూడా చెప్పాను. ఆయన పేర్ల కాగితం నా ముందుకి తోసి, నువ్వే రాయి అన్నాడు. మొదట నీ పేరు రాశాను. రెండోది ఖాళీగా ఉంచాను. దొరబాబుతో పడవెక్కుతానని నువ్వంటేనే అక్కడ నా పేరు పడుతుంది. ఎక్కనంటే నువ్వొక్కడివే వెళ్ళు. షువైఖ్‌లో నాకు ఇంజన్లకి కొదవ లేదు. నువ్వు అసలే రానన్నా ఆ ప్రమాణ పత్రం మాత్రం వెనక్కి రాదు.

ఊళ్ళో నిన్ను చెవిటి సరంగు అంటున్నారని అత్త చెప్పింది. అన్నవాళ్ళందరికీ ఆ నకలు చదివి వినిపించు. నువ్వు వినకపోవడం కాదు బావా. నేను చెప్పలేదు.